చార్టు ఉంది, మూల ఎక్కడ?

(తిరుపతిలో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు, మహిళా సంఘాల సభ్యులు కలిసి జరుపుకున్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచీ ఇక్కడ కనీస వేతనం గురించి, గ్రాట్యుటీ గురించి, ఫోన్లో నింపాల్సిన యాప్‌ల గురించి మాట్లాడుకున్నారు. ఇప్పుడు నన్ను ప్రీ స్కూల్లో ప్రకృతి అంశాల చుట్టూ ఆట మూలలు ఎట్లా ఏర్పాటు చేసుకోవాలో మాట్లాడమన్నారు. నా పేరు పిలిచి విషయం చెప్పగానే వెనక వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వుకోవడం చూశాను. అంత గట్టి మాటలయ్యాక ఆకులూ గింజలూ నీళ్ళాటలూనా అనిపించడం సహజం. కానీ పొద్దున మీరు మాట్లాడినదీ, నేను మాట్లాడబోయేదీ రెండు విషయాలు కావు. ఒకటే విషయాన్ని మీరు జీతం వైపు నుంచి చూశారు, నేను చాప వైపు నుంచి చూస్తాను. అంతే తేడా.

చిత్తూరు పడమటి మండలాల్లో ఒక ఊరికి నా పరిశోధన పని మీద కొంతకాలం వెళ్ళి వస్తూ ఉండేదాన్ని. ఊరి పేరు చెప్పను. అక్కడి అంగన్‌వాడీ కేంద్రం ఒక అద్దె గది. గోడకు 'నీరు' అనే చార్టు వేలాడుతూ ఉంది. అందులో ఒక నది, ఒక పడవ, మంచు కొండ, కుళాయి కింద చేతులు కడుక్కుంటున్న ఒక తెల్లటి పిల్లవాడు. ఆ నెల థీమ్ నీరు. థీమ్‌కు తగ్గట్టు గదిలో ఒక ఆట మూల ఏర్పాటు చేసి పిల్లలను ఆడించాలని శిక్షణలో చెప్పి పంపారు. టీచరమ్మను 'ఎట్లా చేస్తున్నారు?' అని అడిగాను.

"చార్టు ఉండాది మేడం. మూలలు కూడా నాలుగు ఉండాయి. ఒక దాంట్లో బియ్యం బస్తా, ఒక దాంట్లో గ్యాసు పొయ్యి, ఇంకో దాంట్లో బీరువా. నాలుగో దాంట్లో నేను కూసోని రిజిస్టర్లు రాసుకుంటా. నీళ్ళ మూల యాడ పెట్టేది?"

ఆమె ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగింది. ఇవాళ నేను చెప్పేదంతా ఒక రకంగా ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడమే.

ముందు ఈ ఆట మూల అంటే ఏమిటో, ఎందుకో రెండు మాటలు. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు చెబితే నేర్చుకోరు. ముట్టుకుని, వాసన చూసి, ఒలకబోసి, విరగ్గొట్టి నేర్చుకుంటారు. అందుకని గదిలోనో వాకిట్లోనో ఒక చిన్న చోటును ఒక అంశానికి కేటాయించి, దానికి సంబంధించిన వస్తువులు వాళ్ళ చేతికందే ఎత్తులో పెట్టి, నలుగురైదుగురు పిల్లలను అక్కడ వదిలితే వాళ్ళంతట వాళ్ళు ఆట కల్పించుకుంటారు. టీచరు పక్కన ఉండి చూస్తుంది, అవసరమైనప్పుడు ఒక ప్రశ్న వేస్తుంది. రెండు మూడు వారాలకు అంశం మారుతుంది. విత్తనాలు, నీరు, పక్షులు, మట్టి, చెట్లు, ఇట్లాగన్నమాట.

ఇది విదేశాల నుంచి వచ్చిన ఫ్యాషనని కొందరంటారు. మనం వాడే 'అంగన్‌వాడీ' అన్న మాట వెనకున్న చరిత్ర తెలిస్తే అట్లా అనరు. తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ అనే ఇద్దరు స్త్రీలు 1945లో బోర్డీలో, తర్వాత 1957 నుంచి మహారాష్ట్రలోని కోస్‌బాడ్ కొండ మీద ఆదివాసీ పిల్లల కోసం బాలబడులు నడిపారు. పిల్లలు బడికి రాకపోతే బడినే గూడెం వాకిట్లోకి తీసుకెళ్ళారు. అంగణం అంటే వాకిలి. బడి సామాను కొనుక్కొచ్చింది కాదు, గులకరాళ్ళు, గింజలు, ఆకులు, గవ్వలు. పశువులు కాసే పిల్లల కోసం పచ్చిక బయలులోనే బడి నడిపారు. 1975 అక్టోబరు 2న ఐసిడిఎస్ దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైనప్పుడు ఆ మాటను తీసుకున్నారు. మాటైతే వచ్చింది గానీ వాకిలి రాలేదు. మన కేంద్రాలు చాలా చోట్ల వాకిలి లేని అద్దె గదులు.

ఇక ఆట మూల హక్కుల విషయం ఎట్లా అవుతుంది?

నేను చెప్పిన ఆ ఊళ్ళోనే ఒక పిల్ల ఉండేది. తొమ్మిదేళ్ళు. నాలుగో తరగతిలో పేరుంది. నేను వెళ్ళిన చాలా రోజులు చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని వీధిలో కనిపించేది. వాడికి మూడేళ్ళు దాటాయి, కేంద్రంలో పేరుంది, హాజరు కూడా ఉంది. 'మరి వీడు అంగన్‌వాడీకి పోడా?' అంటే, "పోతాడు మేడం. గుడ్డు తిని వచ్చేస్తాడు. ఆడ వాడికి పొద్దు పోదు" అంది. తల్లి మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీకి, మిగతా రోజుల్లో కూలికి పోతుంది. ఫ్యాక్టరీ షిఫ్టు పిల్లవాడి అన్నం వేళతో ముగియదు కదా. వాడికి పొద్దు పోకపోతే ఆ పొద్దు ఎవరో ఒకరు మోయాలి. మోసేది అన్న కాదు. ఆ ఇంట్లో అన్న కూడా ఉన్నాడు, వాడు ఆటోలో ప్రైవేటు బడికి పోతాడు.

పిల్లవాడు కేంద్రంలో సాయంత్రం దాకా నిలవడానికి గుడ్డు, పాలు చాలవు. వాడికి అక్కడ చేయడానికి ఏదో ఉండాలి. ఆడపిల్లలు బడి మానడానికి కారణాలు అడిగినప్పుడు మనం బాల్య వివాహం అంటాం, మరుగుదొడ్డి లేదంటాం, దూరం అంటాం. అవన్నీ నిజమే. తమ్ముణ్ణి ఎత్తుకోవడం అనే కారణాన్ని మాత్రం ఎక్కడా రాసుకోం, ఎందుకంటే అది పనిగా లెక్కలోకి రాదు. ఒక కేంద్రంలో నీళ్ళ మూల ఉందా లేదా అన్నది ఆ తొమ్మిదేళ్ళ పిల్ల బడికి పోతుందా లేదా అన్నదానితో ముడిపడి ఉంది. దీన్ని నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు, ఆ చంకను చూసి నేర్చుకున్నాను.

ఆ పిల్లల్లో కూడా ఎవరు అంగన్‌వాడీకి వస్తున్నారు, ఎవరు కాన్వెంటుకు పోతున్నారు అన్నది చూడండి. చిన్న పిల్లల చదువు మీద అసర్ 2019 నివేదిక దేశంలో ఆ వయసు నుంచే మగపిల్లలు ప్రైవేటుకు, ఆడపిల్లలు ప్రభుత్వ కేంద్రాలకు ఎక్కువగా పోతున్నారని చెప్పింది. అంటే మనం ఏర్పాటు చేసే మూల ఎక్కువగా పేదింటి ఆడపిల్లల మూల. అది బాగుండాల్సిన అవసరం ఎంతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఏ ప్రకృతి అన్నది చూద్దాం. చార్టులో ఉన్న ప్రకృతికీ మన వాకిలి బయట ఉన్న ప్రకృతికీ పోలిక లేదు. జంతువుల చార్టులో జిరాఫీ, జీబ్రా, పెంగ్విన్ ఉంటాయి. కిటికీ బయట ఎనుము నెమరేస్తూ ఉంటుంది. పళ్ళ చార్టులో ఆపిల్ పైన, సీతాఫలం ఎక్కడో కింద, నేరేడు అసలే ఉండదు. జిరాఫీ పేరు తెలియకూడదని నేను అనడం లేదు. తెలిసిన దాని మీద నిలబడి తెలియని దాన్ని అందుకోవాలి గానీ, తెలిసిన దాన్ని చిన్నచూపు చూసే అలవాటు మూడేళ్ళప్పుడే పట్టించకూడదు.

శేషాచలం అడవి మన పక్కన ఉంది. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోని ఈ కాస్త ప్రాంతంలోనే. తిరుమల బండల్లో బంగారు బల్లి ఉంది. సూళ్ళూరుపేట వైపు కేంద్రాలకు పులికాట్ సరస్సు, అక్కడికి చలికాలంలో వచ్చే రాజహంసలు ఉన్నాయి. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ లోయను 1991లో పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల చిన్న ఊళ్ళలోని ఏకోపాధ్యాయ బడుల కోసం, స్థానిక విషయాలతో తయారుచేసిన కార్డుల పద్ధతి ఇతర రాష్ట్రాలకూ పాకింది. అది ప్రాథమిక తరగతుల కోసం చేసినది, దాని వెనక ఒక సంస్థ అండ ఉంది. మన టీచరమ్మకు అంత అండ లేదు. అయినా, ఊళ్ళో ఉన్నదాంతో మొదలుపెట్టవచ్చన్న సంగతి ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు.

అందుకని థీమ్‌ల పట్టిక పైనుంచి నెలవారీగా దిగినప్పుడు దాన్ని మన కాలానికి తిప్పుకునే స్వేచ్ఛ మీకుండాలి. నేనైతే ఇట్లా తిప్పుతాను. జూన్, జూలైలో మామిడి. తోతాపురి లారీలు, ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉంటాయి. పిల్లల చేతులకు టెంకలు దొరకని చోటు లేదు. టెంక ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడిని తడిమట్టిలో పెడితే ఎర్రటి లేత ఆకులు వస్తాయి. రోజూ పొద్దున్నే వచ్చి చూసుకునే పని పిల్లలకు దొరుకుతుంది. అక్టోబరు, నవంబరులో శనక్కాయలు, చెరువు, వాన. మనకు ఈశాన్య రుతుపవనం వాన కూడా కురుస్తుంది కదా, నీరు థీమ్ మార్చిలో పెడితే బోరు ఎండిన ఊళ్ళో టీచరు నీళ్ళు ఎక్కడ తెస్తుంది? దాన్ని నవంబరుకు మార్చాలి. ఫిబ్రవరి, మార్చిలో చింతకాయ.

చింతకాయ దగ్గర కొంచెం ఆగుతాను. ఎందుకంటే ఒక్క చింతచెట్టుతో నెల రోజులు గడిపేయొచ్చు. కాయ పెంకు, లోపలి ఈనెలు, గుజ్జు, గింజ. పెంకులు చిదిమితే చప్పుడు. గింజలను పెద్దవి చిన్నవి ఏరడం, వరసపెట్టడం, ఐదేసి కుప్పలు పోయడం. గింజను ఒక వైపు అరగదీస్తే తెల్లగా అవుతుంది, అవే మన పాత ఆటల్లో పాచికలు. వామనగుంటలకు గింజలు అవే. లేత చిగురు పుల్లగా, పండు తియ్యపుల్లగా ఉంటాయి. ఆకు పొద్దుగూకితే ముడుచుకుంటుంది, ఎందుకని పిల్లలు అడుగుతారు, మనకు తెలియకపోతే తెలియదనే చెప్పొచ్చు. ఆ నెలల్లోనే మన ఊళ్ళలో ఆడవాళ్ళు వాకిళ్ళలో కూర్చుని చింతకాయలు కొట్టి గింజ తీస్తుంటారు. ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి. చేతివేళ్ళు పగిలిపోయి ఉంటాయి. చింతపండు గురించి వాళ్ళకు తెలిసింది నా పిహెచ్‌డి కన్నా ఎక్కువ.

చార్టుల్లోని ప్రకృతిలో మనుషులుండరు. ముఖ్యంగా పనిచేసే ఆడవాళ్ళు ఉండరు. చెట్టు ఉంటుంది, కట్టెలు మోసే తల ఉండదు. నది ఉంటుంది, బిందె ఉండదు. కానీ మన పిల్లలకు ప్రకృతి మొదట తెలిసేది అమ్మ పనిలోంచి, అవ్వ పనిలోంచి. కాబట్టి ఆట మూలలోకి ఆ పని రావాలి, ఆ పనిచేసే మనిషీ రావాలి. ఒక తల్లిని పిలిచి చింతకాయ కొట్టి చూపమంటే అదే పెద్ద పాఠం. కానీ ఆ గంట కూలి ఆమెకు ఎవరిస్తారు? 'సమాజ భాగస్వామ్యం' అని కాగితాల మీద అందంగా రాస్తారు. ఆ భాగస్వామ్యం ఎప్పుడూ పేద ఆడదాని ఖాళీ లేని గంటలోంచే వస్తుంది. అందుకని ఆమెను పిలవకుండా పిల్లలను తీసుకుని ఆమె వాకిట్లోకే పోవడం మేలు. అనుతాయి చేసింది అదే.

ప్రకృతి అంటే పువ్వులూ సీతాకోకచిలుకలే అనుకోకండి. పలమనేరు, కుప్పం వైపు నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. 1980ల్లో ఏనుగులు మీ వైపు వచ్చాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పంట పోయిన ఇళ్ళున్నాయి, మనిషి పోయిన ఇళ్ళున్నాయి. అక్కడి కేంద్రంలో ఏనుగు బొమ్మ పెట్టి చప్పట్లు కొట్టిస్తే ఒక పిల్ల ఏడవొచ్చు. 2021 నవంబరు వరదల్లో రాయలచెరువు కట్ట తెగుతుందని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. ఆ సామాన్ల మధ్య నిద్రలేచి పరుగెత్తిన పిల్లలు నీళ్ళ మూలలో ఏం ఆడతారు? కట్ట కడతారు, తెగ్గొడతారు, మళ్ళీ కడతారు. ఆడనివ్వండి. ఆపి, 'నీటి ఉపయోగాలు చెప్పు' అని అడక్కండి.

ఇప్పుడు మళ్ళీ ఆ టీచరమ్మ దగ్గరికి వస్తాను. ఆమె నాకు ప్రశ్న వేసి ఊరుకోలేదు. గది బయట ఒక కానుగ చెట్టుంది. దాని కింద ఆయా, ఆమె కలిసి ఒక ప్లాస్టిక్ టబ్బు పెట్టారు. కొబ్బరి చిప్పలు, అడుగున చిల్లులు పొడిచిన డబ్బా, పాత గరాటు, రెండు చిన్న బిందెలు. బొప్పాయి కాడలు కోసి గొట్టాలుగా ఇచ్చారు. ఖర్చు ఏమీ లేదు. అయితే ఆ బోరు నీళ్ళు మోసింది ఆయా.

నేను రెండు వారాలు అక్కడ కూర్చుని చూశాను. మొదటి రోజే బొప్పాయి గొట్టాలు మగపిల్లల చేతుల్లోకి పోయాయి. 'మోటారు ఏసినాం, జరగండి' అన్నారు. ఆడపిల్లలు బిందెలు పట్టుకుని వరసలో నిలబడ్డారు, వంతు కోసం కొట్లాడుకున్నారు, నింపుకుని చెట్టు అవతలికి తీసుకుపోయి రాళ్ళ పొయ్యి పెట్టి వండారు. బోకులు తోమారు. ఎవరూ చెప్పలేదు. నాలుగేళ్ళకే నీటిలో మోటారు ఎవరిదో, బిందె ఎవరిదో పంపకం అయిపోయింది. మూడో రోజు ఒక పిల్లవాడు వచ్చి బోకులు తోమడానికి కూర్చుంటే మిగతా వాళ్ళు 'ఆడోళ్ళ పని చేస్తాండాడు' అని నవ్వారు. వాడు లేచిపోయాడు.

నాలాంటి వాళ్ళమైతే అక్కడ ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చేవాళ్ళం. టీచరమ్మ ఇవ్వలేదు. మర్నాడు పొద్దున "కరెంటు లేదు. మోటారు ఆడదు. నీళ్ళు ఎట్టా?" అంది. గొట్టాలు పక్కన పెట్టేసింది. మగపిల్లలు కాసేపు దిక్కులు చూసి, చివరికి చిప్పలతో మోయడం మొదలుపెట్టారు. బరువు తెలిసింది, ఒలికితే ఎంత కోపం వస్తుందో తెలిసింది. ఆ తర్వాతి రోజు "మోటారు చెడిపోయింది, రిపేరు చేసేది ఎవరు?" అని గొట్టాలు ఇద్దరు ఆడపిల్లల చేతిలో పెట్టింది. వాళ్ళు ఒక గంట వదల్లేదు. ఒక కాడలో ఇంకో కాడ దూర్చి చెట్టు మొదలు దాకా నీళ్ళు తెచ్చారు. జెండర్ శిక్షణ అని మేం మూడు రోజులు పెట్టి చెప్పేది ఆమె రెండు మాటల్లో చేసింది. ఆమె చదివింది పదో తరగతి.

మగవాడు ఆడపని ముట్టుకోకూడదన్న నియమం మనం అనుకున్నంత గట్టిదీ కాదు. తిరుపతి గంగమ్మ జాతరలో మొక్కు తీర్చుకోవడానికి మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని వీధుల్లో నడుస్తారు. ఎవరూ నవ్వరు. అమ్మవారి కోసం చీర కట్టినవాడు ఇంట్లో భార్య కోసం చెంబు కడగడనుకోండి, అది వేరే సంగతి. కానీ మే నెలలో జాతర చూసొచ్చిన పిల్లలు వేషాలు కడితే అందులో మగపిల్లవాడు పాత చీర ముక్క అడిగినప్పుడు ఇవ్వండి.

కులం సంగతి కూడా ఇక్కడే ఉంది. కేంద్రం ఏ వీధిలో ఉందన్నది మొదటి ప్రశ్న. పెద్ద వీధిలో ఉంటే దళితవాడ పిల్లలు రారు, వాడలో ఉంటే పెద్ద వీధి పిల్లలు గుడ్డు పార్సిల్ అడుగుతారు. అన్నం దగ్గర విడిపోయే ఈ పిల్లలే మట్టి మూల దగ్గర ఒకే ముద్దను పిసుకుతారు. అది చూసి చేయి పట్టుకుని లాక్కుపోయిన అవ్వను నేను చూశాను. తిరిగి పరుగెత్తుకొచ్చిన పిల్లనూ చూశాను.

జాగ్రత్తల విషయం తప్పక చెప్పాలి. ప్రకృతి మూల అనగానే అందంగా ఉందని గురిగింజలు ఏరి తెస్తారు. గురిగింజ విషం, పగిలిన గింజ ఒక్కటి కడుపులోకి పోయినా ప్రాణం మీదికి రావచ్చు. ఆముదం గింజలూ అంతే. గన్నేరు, ఉమ్మెత్త ఏ భాగమైనా దగ్గరికి రానివ్వకండి. మూడేళ్ళలోపు పిల్లలు గదిలో ఉంటే చింతగింజ, శనగగింజ కూడా ముక్కులో, గొంతులో పోతాయి, వాళ్ళకు పెద్ద టెంకలు, కొబ్బరి చిప్పలు, పీచు చాలు. టబ్బులో నీళ్ళు సాయంత్రం పారబోసి బోర్లించాలి. చిన్న పిల్ల మునగడానికి జానెడు నీళ్ళు చాలు, దోమకు అంతకన్నా తక్కువ చాలు. ఇంకో మాట, ఎనిమిది మూలలు పెట్టమని ఎవరు చెప్పినా పెట్టకండి. ఇద్దరు మనుషులు చూడగలిగింది రెండు మూలలు, మహా అయితే మూడు.

ఆ ఇద్దరు మనుషుల గురించి. 1975లో అంగన్‌వాడీ కార్యకర్తకు ఇచ్చింది నెలకు 100 నుంచి 150 రూపాయలు. దానికి పెట్టిన పేరు గౌరవ వేతనం. ఈ రాష్ట్రంలో 2023 డిసెంబరు 12న మీరు సమ్మెలోకి దిగేనాటికి అది 11,500, ఆయాలకు 7,000. అందులో కేంద్రం నిర్ణయించిన మొత్తం 2018 నుంచి అప్పటికీ 4,500 దగ్గరే ఆగి ఉండింది. 42 రోజుల ఆ సమ్మెలో, 2024 జనవరిలో, ప్రభుత్వం మీ మీద ఎస్మా ప్రయోగించింది. అంటే మీ పని అత్యవసర సేవ అని ఒప్పుకుంది. జీతం ఇచ్చేటప్పుడు స్వచ్ఛంద సేవ, సమ్మె చేసేటప్పుడు అత్యవసర సేవ. ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి వచ్చాయి.

పిల్లల వైపు నుంచీ ఇదే కథ. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, అందులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే, సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళ వరకు పిల్లలకు విద్య ప్రాథమిక హక్కంది. పద్నాలుగేళ్ళ వరకు అంటే మూడేళ్ళ పిల్ల కూడా అందులో ఉంది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ చేసినప్పుడు ఆ హక్కును ఆరు నుంచి పద్నాలుగేళ్ళకు కుదించారు. ఆరేళ్ళలోపు పిల్లలను 45వ అధికరణంలో, ప్రభుత్వం ప్రయత్నం చేయాల్సిన విషయాల్లో పెట్టారు. 2009 విద్యా హక్కు చట్టం 11వ సెక్షన్ వాళ్ళ కోసం ఏర్పాట్లు చేయవచ్చు అంది. చేయాలి అనలేదు. పిల్లల ఆట హక్కును గుర్తించిన ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం 1992లో చేరింది, 31వ అధికరణం తీసి చదువుకోండి.

2022 ఏప్రిల్ 25న గుజరాత్ అంగన్‌వాడీ కార్యకర్తల కేసులో సుప్రీంకోర్టు మీకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పిచ్చింది. పొద్దున దాని గురించి మాట్లాడారు కాబట్టి నేను ఒక్క విషయమే గుర్తు చేస్తాను. ఆ తీర్పు ఆధారపడిన వాదనల్లో ఒకటి, మీరు ప్రీ స్కూల్ విద్య చెబుతున్నారు, అది విద్యా హక్కు చట్టం 11వ సెక్షన్ కింది పని అన్నది. అంటే చట్టం దృష్టిలో మిమ్మల్ని కార్మికులుగా నిలబెట్టిన వాటిలో గుడ్డు, బియ్యంతో పాటు ఈ ఆట కూడా ఉంది. కేంద్రంలో ఆట లేకుండా పోతే, మీరు వండి పెట్టే మనుషులుగా, ఫోటోలు తీసి ఫోన్లో ఎక్కించే మనుషులుగా మిగిలిపోతారు. ఆ తర్వాత ఆ పనికి ఇంతకన్నా ఎందుకివ్వాలి అని అడగడం వాళ్ళకు తేలిక.

అందుకని మీ డిమాండ్ల పత్రంలో ఇవి కూడా రాయమని అడుగుతున్నాను. వాకిలి లేని గదికి కేంద్రం పేరు పెట్టకూడదు. అద్దె ఇచ్చేటప్పుడు చెట్టు నీడకు, నీటికి కూడా లెక్క కట్టాలి. రోజులో పిల్లలతో ఆడే సమయంలో ఫోను, రిజిస్టరు ముట్టుకోవాల్సిన అవసరం ఉండకూడదు, ముఖాలు గుర్తుపట్టే యాప్ 2025 జూలై నుంచి వచ్చాక ఇది మరీ అవసరం. మూల కోసం వస్తువులు సేకరించి తయారుచేసే గంటలను పని గంటలుగా లెక్కించాలి, వారానికి ఒక పూట దానికే వదలాలి. థీమ్ ఎప్పుడు మార్చాలో, ఏది పెట్టాలో టీచరు, ఆయా కలిసి నిర్ణయించే హక్కుండాలి. ఆయా పేరు ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే ఏ చెట్టు చిగురు ఎప్పుడొస్తుందో, ఏ పుట్టలో ఏముందో చాలాసార్లు ఆమెకే తెలుసు. శిక్షణకు మాత్రం ఆమెను పిలవరు, పిలిస్తే టీ అందించమంటారు.

ఆ కానుగ చెట్టు కింద నీళ్ళ మూల మూడు వారాలు నడిచింది. రెండో వారం నుంచి ఆ తొమ్మిదేళ్ళ పిల్ల చంకలో తమ్ముడు లేడు. నేను బడికి వెళ్ళి చూశాను, వెనక బెంచీలో ఉంది. నాలుగో వారం ఇంటి యజమాని వచ్చి వాకిలంతా బురద చేస్తున్నారని, నెలాఖరుకు గది ఖాళీ చేయమన్నాడు. కేంద్రం ఊరి అవతల ఇంకో గదికి మారింది. దానికి వాకిలి లేదు, చెట్టు లేదు. తర్వాత నేను వెళ్ళినప్పుడు ఆ పిల్ల మళ్ళీ వీధిలో కనిపించింది.

అక్కడితో ఆ కథ ఆగలేదు. ఆ ఊరి ఆడవాళ్ళు పంచాయతీకి వెళ్ళి ఏమడిగారో, ఏ జవాబు వచ్చిందో, ఇప్పుడు టబ్బు ఎక్కడుందో నాకన్నా బాగా చెప్పగలిగిన మనిషి ఇవాళ ఈ హాల్లో మూడో వరసలో కూర్చుని ఉంది. ఆమెను ముందుకు రమ్మని అడుగుతున్నాను. రా తల్లీ. మైకు ఇదిగో.